ఇన్‌స్పెక్షన్ నాటి సెలవు

పోయిన చలికాలం ఒక పొద్దున భూపాలపల్లిలో బస్సెక్కి తొర్రూరులో ఉన్న మా అన్న ఇంటికి వెళ్ళాను. వెళ్ళేసరికి వాకిట్లో ఎండపట్టున మా అన్న మనవరాలు శ్రావణి చాట ముందేసుకుని అనపకాయలు ఒలుస్తోంది. ఆదివారం కాదు, పండుగ కాదు. ఏడో తరగతి పిల్ల బడివేళకు ఇంట్లో కూర్చుందంటే జ్వరమేమో అనుకుని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది.

"బడికి పోలేదా బిడ్డా?"

"సారు రావద్దన్నడు అవ్వా."

"ఎందుకట?"

"ఇయ్యాల మండలం కెల్లి మేడములు వస్తున్నరట. సదువుడు రానోళ్లు ఎవలెవలున్నరో జూస్తరట. అందుకే మమ్ముల ఇంటికాడ ఉండుమన్నడు."

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పించుకున్నాను. చదవడం రాని పిల్లలు ఎవరో చూడటానికి మనుషులు వస్తున్నారు. కాబట్టి చదవడం రాని పిల్లలు ఆ రోజు బడికి రాకూడదు. డాక్టరు వస్తున్నాడని తెలిసి జబ్బు చేసిన బర్రెను అడవిలోకి తోలేసే రైతును నేను ఇంతవరకు చూడలేదు. రైతుకు ఆ మాత్రం బుద్ధి ఉంటుంది. బీఈడీ చదివి, పరీక్షలు రాసి, ప్రమోషన్ల మీద హెడ్మాస్టరు కుర్చీలోకి వచ్చిన పెద్దమనిషికే ఆ ఉపాయం తట్టింది.

నేను మహబూబాబాద్ కోర్టులో గుమాస్తాగా చేరి, అక్కడే సూపరింటెండెంటుగా దిగిపోయినదాన్ని. చట్టం ఎలా పుడుతుందో చూడలేదు గానీ, పుట్టాక ఏ బీరువాలో పడి నిద్రపోతుందో బాగా చూశాను. వికలాంగుల హక్కుల చట్టంలో ఈ సంగతి ఎప్పుడో వచ్చేసింది. తెలివికి లోటు లేకపోయినా అక్షరాలు పట్టుబడని పిల్లలుంటారు. దాన్ని డిస్లెక్సియా అంటారు. అలాంటి పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించి, వాళ్ళకు తగ్గట్టు చదువు చెప్పవలసిన బాధ్యత బడిదే. గుర్తిస్తే పరీక్షలో ఎక్కువ సమయం వస్తుంది, అవసరమైతే రాసిపెట్టే మనిషి వస్తాడు. ఇది దయ కాదు, దానం కాదు, చేసి తీరవలసిన పని. ఇంత రాసి ఉన్న చట్టానికి తొర్రూరు దగ్గరి ఒక బడిలో దొరికిన మర్యాద, పిల్లలకు సెలవు ప్రకటించడం.

వంటింట్లోంచి మా అన్న కోడలు కమల చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. నా మొహం చూసి తనే మొదలుపెట్టింది. "ఇయ్యాల ఒక్కనాడే గాదు అత్తమ్మా. ఈ ఏడాది అయినంక మాన్పిచ్చుడే. సారే జెప్పిండు, ఇగ దీనికి సదువు రాదు, కుట్టుమిషన్ నేర్పియ్యిన్రి అని. మేము గూడ ఎన్నేండ్లు జూస్తం? ఏడో తరగతికొచ్చె, ఇంక ఒక్క పేజీ సదువరాకపాయె." ఆ మాట అంటుంటే శ్రావణి తల వంచుకుని ఒలిచిన కాయనే మళ్ళీ ఒలుస్తోంది. ఆ పిల్లకు మాటలు బాగా వచ్చు. ఊళ్ళో ఎవరి పెళ్ళిలో ఎవరు ఎవరితో అలిగారో వరసగా చెప్పగలదు. అలాంటి పిల్ల పుస్తకం మాట రాగానే మూగదైపోతుంది.

మా అన్న రాజన్న మంచం మీద కూర్చుని గోడవైపు చూస్తున్నాడు. తొర్రూరు మార్కెట్లో బస్తాలు మోసి మోసి వంగిన నడుము ఆయనది. మనవరాలి చదువు సంగతి ఎత్తితే ఆయన ఎప్పుడూ గోడవైపే చూస్తాడు. కమల అనుకుంటుంది, మామకు పట్టింపు లేదని. నాకు మాత్రం ఆ గోడ మీద ఆయనకు ఏం కనపడుతుందో తెలుసు, ఎందుకంటే ఆయన పెరిగిన ఇంట్లోనే నేనూ పెరిగాను.

మాది దేవరుప్పుల పక్కన చిన్న ఊరు. మా నాయిన జనగామలో ఒక సర్కారు ఆఫీసులో జవాను, అంటే బంట్రోతు. వారానికోసారి ఖాకీ బట్టలు ఉతికి, గంజి పెట్టి, పరుపు కింద మడతపెట్టడం మా అమ్మ చేసే పనుల్లోకెల్లా పవిత్రమైన పని. ఇప్పటికీ గంజి వాసన తగిలితే నాకు ఆదివారం చర్చికి వేళైనట్టే ఉంటుంది. ఆయన సైకిలు దిగి వచ్చేసరికి కాళ్ళకు నీళ్ళు, పొయ్యి మీద జొన్న రొట్టె, దంచిన వెల్లుల్లి కారం సిద్ధంగా ఉండాలి. రొట్టె తిన్నాక ప్రార్థన. ప్రార్థన అంటే మా ఇంట్లో కళ్ళు మూసుకోవడం కాదు, కళ్ళు తెరిచి చదవడం. కందిలి దీపం మధ్యలో పెట్టి, నాయిన వాక్యం పుస్తకం, అదే బైబిలు, తెరిచి, పిల్లల చేత తలా కొంత చదివించేవాడు. మా తాత ముత్తాతలను బడి గడప కూడా తొక్కనివ్వలేదు. నాయిన ఎవరో మిషన్ దొరసాని దగ్గర ఎట్లాగో నాలుగు అక్షరాలు నేర్చుకుని, ఆ నాలుగు అక్షరాల మీదే ఖాకీ చొక్కా సంపాదించుకున్నాడు. "మనకు పొలం లేదు, పుట్ర లేదు. గీ అచ్చరాలే మన పొలం" అనేవాడు. అలాంటి మనిషికి పెద్దకొడుకుగా పుట్టి, అక్షరాలు పట్టుబడకపోవడం ఎంత కష్టమో మా అన్నను అడగాలి. అడిగినా చెప్పడు, అది వేరే సంగతి.

అన్న చెవి మాత్రం గొప్ప చెవి. ఒక్కసారి వింటే చాలు, పాటైనా మాటైనా పొల్లు పోకుండా తిరిగి చెప్పేవాడు. నాయిన పుస్తకం వరసగా చదివించేవాడు కాబట్టి, రాత్రికి ఎక్కడ మొదలవుతుందో మాకు తెలిసేది. సాయంత్రం అమ్మ పిడకల పొయ్యి ముట్టించి బయటికి పోగానే, నేను పొయ్యి దగ్గర కూర్చుని అన్న వంతును గబగబా చదివేదాన్ని. పిడకల పొగకు నా కళ్ళు మండేవి, వాడు పొగలోనే కళ్ళు మూసుకుని వినేవాడు. రాత్రి కందిలి ముందు వేలు పెట్టి, వరస మీద జరుపుతూ చదివినట్టే చెప్పేవాడు. ఒక్కోసారి వాక్యం సగంలో ఉండగానే వేలు పేజీ చివరికి చేరిపోయేది. నేను కాలితో తన్నేదాన్ని, వేలు వెనక్కి వచ్చేది. నాయిన కళ్ళల్లో అప్పుడు ఎంత సంతోషమని. వాడి గొంతు మంచిది, వాడు చదివితే వినబుద్ధయ్యేది. దీనికి నేనేమీ సిగ్గుపడను. ఆ ఇంట్లో మా అన్నకు ఎవరైనా చదువు చెప్పారంటే, ఎనిమిదేళ్ళు కూడా లేని నేనే.

ఒకనాడు జనగామ నుంచి అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరు, మా ఇంట్లో భోజనానికి వచ్చాడు. అమ్మ కోడిని కోసింది. తిన్నాక ఆయన మర్యాదకు, "పెద్దబ్బాయి చదువుతాడు, విందాం" అని చేతికందిన చోట పుస్తకం తెరిచి అన్న చేతిలో పెట్టాడు. అన్న ఆ పేజీని కాసేపు చూశాడు. నా వైపు చూశాడు. నేను చేసేదేముంది? చివరికి వాడు వేలు పెట్టి, మొన్న చదివిన భాగమే ఎంతో చక్కగా చదివాడు. అయ్యగారు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు, ఆయనకు తేడా తెలియనే లేదు. తెలిసింది మా నాయినకు. అయ్యగారిని ఊరి పొలిమేర దాకా సాగనంపి వచ్చి, సైకిలు ట్యూబు ముక్కతో వాడిని కొట్టాడు. "కండ్లు లేవారా నీకు? మెదడు లేదారా?" అని కొట్టిన ప్రతిసారీ అడిగాడు. వాడు ఏడవలేదు. కొట్టడం అయ్యాక మా నాయినే గడపలో కూర్చుని ఏడ్చాడు. ఆ రాత్రి నుంచి ప్రార్థనలో అన్న వంతు రాకుండా పోయింది. పుస్తకం వాడి ముందు నుంచి నా చేతిలోకి వచ్చేది, మధ్యలో మనిషి లేనట్టు.

బడి సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ నాలుక చేదవుతుంది. మా బడికి ఒకాయన పంతులు, ఎక్కడో దూరపు ఊరివాడు. మేం 'వచ్చినం, పోయినం' అంటే ఆయనకు నవ్వు. "మీది ఒక భాషేనట్రా" అనేవాడు. ఆయన మాట సగం మాకు అర్థమయ్యేది కాదు, మా మాట ఆయనకు అర్థం చేసుకోవాలనే ఉండేది కాదు. అన్న చదవలేకపోతే, వీళ్ళ ఇంటి భాషే అంత, వీళ్ళ బుర్రే అంత అని తేల్చేశాడు. అదే ఇంట్లో, అదే భాషలో పుట్టిన నేను గడగడ చదువుతున్నానే అని ఆయనకు ఎన్నడూ అనుమానం రాలేదు. అనుమానం రావాలంటే కాస్త ఆలోచించాలి, జీతం అంతదాకా ఇవ్వరు.

ఇన్‌స్పెక్టరు వస్తాడని తెలిసిన రోజున ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది. ముందురోజే గోడలకు సున్నం, వాకిలికి పేడనీళ్ళు. చదివే పిల్లలను ముందు వరసలో, చదివినట్టు తల ఊపగలిగే పిల్లలను వెనక వరసలో సర్దేవాడు. ఎట్లా సర్దినా దాగని వాళ్ళు కొందరుంటారు కదా, వాళ్ళకు ఆ రోజు పనులు పుట్టేవి. ఒకడు పంతులుగారి బర్రెను మేపాలి, ఇంకొకడు చెరకు తేవాలి. మా అన్నకు ఎప్పుడూ ఒకటే పని. ఊరు తిరిగి మంచి నాటుకోడిని చూసి, బేరమాడి, పట్టుకొచ్చి, పంతులుగారి భార్యకు కోసిచ్చి, కట్టెలు కొట్టిపెట్టాలి. ఇన్‌స్పెక్టరు వచ్చి, ముందు వరస పిల్లల చేత పద్యం చెప్పించుకుని, కోడికూర తిని, ఆకువక్క నములుతూ ఈ ఊరి బడిలో చదువురాని పిల్లవాడే లేడని మెచ్చుకుని పోయేవాడు. చదువురాని పిల్లవాడు ఆ వేళకు పంతులుగారి పెరట్లో ఈకలు ఏరుతుండేవాడు.

ఇందులో నాకు అన్నిటికంటే ఎక్కువ మండేది ఇంకొకటి. మా అమ్మకు ఈ పని గౌరవంగా తోచింది. "అంతమంది పోరగాండ్లున్నా పంతులు మా పెద్దోన్నే పంపుతడు. నమ్మకం గావట్టే గద" అని చేదబావి దగ్గర అందరికీ చెప్పుకునేది. ఇన్‌స్పెక్షన్ నాడు అన్నకు ఉతికిన చొక్కా తొడిగి, తలకు నూనె రాసి పంపేది. వాడికి తెలుసు, తననెందుకు పంపుతున్నారో. తెలిసి కూడా అమ్మ ముందు నవ్వుతూ పోయేవాడు. ఐదో తరగతి దాటకుండానే బడి మానేశాడు, మాన్పించిన వాళ్ళూ లేరు, ఎందుకు మానాడని అడిగిన వాళ్ళూ లేరు. తర్వాత తొర్రూరు మార్కెట్లో హమాలీగా చేరాడు. బస్టాండులో బోర్డు ఎదురుగా నిలబడి కూడా పక్కవాణ్ణి అడిగే బస్సెక్కుతూ బతికాడు. ఎవరైనా వింతగా చూస్తే, "కండ్లద్దాలు మర్చిపోయిన" అనేవాడు. ఆయనకు కళ్ళద్దాలు లేవు.

ఆ పాత పంతులును నేను ఎంత తిట్టుకున్నా, ఒక్క మాట మాత్రం ఆయన తరఫున చెప్పాలి. ఆయనకు తెలియదు. ఆ రోజుల్లో ఆ ఇబ్బందికి మా దగ్గర పేరు కూడా లేదు. మొద్దు అనే మాట ఒక్కటే ఉండేది, అందరికీ అదే సరిపోయింది. ఇప్పటి హెడ్మాస్టరు సంగతి అట్లా కాదు. ఆయనను పిలిచి శిక్షణ ఇచ్చారు, పెద్ద తెర మీద బొమ్మలు చూపించారు, మధ్యాహ్నం భోజనం పెట్టారు, పోతూపోతూ ఒక సంచి ఇచ్చారు. శిక్షణ ఎక్కడ పోయిందో గానీ సంచి మాత్రం ఇంకా ఆయన భుజాన ఉంది, నేనే చూశాను.

"లే బిడ్డా, బడిబట్టలు తొడుక్కో" అన్నాను శ్రావణితో. కమల భయపడింది. "వద్దత్తమ్మా, సారు కోపానికొస్తడు. రేపటికెల్లి దీన్నే సతాయిస్తడు." అప్పుడు మంచం కిర్రుమంది. మా అన్న లేచి చెప్పులు వేసుకున్నాడు. "నేను గూడ వస్త" అన్నాడు.

మేం వెళ్ళేసరికి బడి ఆవరణ పెళ్ళిపందిరిలా ఉంది. ముగ్గు వేశారు, కుర్చీలు వేశారు, గాజు గ్లాసుల్లో చాయ్ తిరుగుతోంది. తరగతుల్లో పిల్లలు పలుచగా, శుభ్రంగా, అందరూ చదవగలిగేవాళ్ళుగా కూర్చున్నారు. మండలం నుంచి వచ్చిన ఇద్దరు టీచరమ్మలు సంచులు సర్దుకుంటున్నారు. అందులో పెద్దావిడ హెడ్మాస్టరుతో, "అయితే మీ బడిల ఒక్కలు గూడ లేరన్నట్టు" అంటోంది. ఆవిడ గొంతులో నమ్మకం కనపడలేదు, కానీ పోయే తొందర కనపడింది. పది నిమిషాలు ఆలస్యమైతే మా పిల్ల చదువు ఆ చాయ్ గ్లాసుల దగ్గరే ముగిసిపోయేది.

"ఉన్నది. ఇగో, వచ్చింది" అన్నాను.

హెడ్మాస్టరు నన్ను, శ్రావణిని, వెనకాల గేటు దగ్గరే ఆగిపోయిన మా అన్నను చూశాడు. "ఏంది మేడం, పాపకు పాణం బాగలేదని ఇంట్ల ఉండుమన్న" అన్నాడు.

"పాణం మంచిగనే ఉన్నది. బాగలేనిది మీ బడిది."

ఆయన నన్ను కొంచెం పక్కకు పిలిచి, మంచిమాటగానే చెప్పాడు. ఆయన చెడ్డవాడని నేను అనను, చెడ్డవాడైతే బాగుండేది, తిట్టడం తేలికయ్యేది. "మేడం, మీకు తెల్వది. పక్క బడోళ్లు ఒక్కలను గూడ చూపియ్యలే. మేమొక్కలమే చూపిస్తె, గా బడిల సదువు జెప్పరా అని అడుగుతరు. జవాబు జెప్పుకునేది నేను. అయినా గుర్తించి ఏంజేస్తరు? ఆడపిల్ల. జర పెద్దగైతే పెండ్లి జేస్తరు."

కోర్టులో అన్ని సంవత్సరాలు పనిచేసి దొంగల వాంగ్మూలాలు ఎన్నో విన్నాను. పట్టుబడిన దొంగ కూడా ఇంత నిజాయితీగా మాట్లాడడు. "సారూ, గుర్తిస్తె మీకు చెడ్డపేరని ఏ చట్టంల లేదు. గుర్తించకపోతెనే తప్పని ఉన్నది. మీరు పిల్లలను దాచిపెట్టిన్రని నేను కాగితం పెడితె, గప్పుడు జవాబు జెప్పుకునుడు ఇంకా కష్టమైతది" అన్నాను. నేను గట్టిగా అనలేదు. గట్టిగా అనవలసిన అవసరం లేదని కోర్టు నేర్పింది.

ఈలోగా ఆ పెద్ద టీచరమ్మ సంచి మళ్ళీ కింద పెట్టి, వరండా మెట్ల మీద శ్రావణి పక్కన కూర్చుంది. ఒక చిన్న కథ ఉన్న కాగితం ఇచ్చి చదవమంది. ఆ పిల్ల మొదటి మాట దగ్గరే ఆగి, దాన్ని విరిచి, కూడి, మళ్ళీ విరిచి, చెమట పట్టి వదిలేసింది. హెడ్మాస్టరు నా వైపు చూశాడు, చూశారా నేనన్నది అన్నట్టు. తర్వాత టీచరమ్మ ఆ కాగితం తనే పైకి చదివి ప్రశ్నలు అడిగింది. శ్రావణి అన్నిటికీ టపటపా జవాబు చెప్పి, ఆ కథలో ముసలమ్మ ఎందుకు అబద్ధమాడిందో కూడా తనంతట తనే చెప్పింది. ఆ కాగితంలో అది లేదట. టీచరమ్మ నవ్వింది. ఇంకా ఏవేవో బొమ్మలు, అక్షరాలు పెట్టి చాలాసేపు చూసింది.

గేటు దగ్గర నిలబడ్డ అన్నను ఆవిడే పిలిచి చెప్పింది. "చూస్తుంటె డిస్లెక్సియా తీరుగనే ఉన్నది. నేను ఊకనే తేల్చి చెప్పరాదు. జిల్లా దవాఖానల పరీక్ష జేసి కాగితం ఇస్తరు, నేను రాసి పంపుత. పిల్లకు వేరే తీరుగ నేర్పాలె. పరీక్షలల్ల ఎక్కువ టైం ఇస్తరు, కావాలంటె రాసెటోళ్లను గూడ పెడుతరు. బడి మాన్పియ్యకున్రి."

అన్న ఆవిడకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "అంటే గిది మొద్దుతనం గాదా బిడ్డా?"

"కాదు తాతా. తెలివి మస్తుగున్నది. అచ్చరాలే గుర్తువట్టుడు కష్టం. ఇంట్ల ఒకలికుంటె ఇంకొకలికి గూడ ఉంటది ఒక్కోపారి."

ఆయన తల ఊపాడు. కండువా తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "మా నాయిన ఉన్నప్పుడు రాకపోతిరి బిడ్డా" అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. నాకు ఏడుపు వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఆ ముగ్గులో నిలబడి ఏడ్చాను. అరవై దాటిన మనిషి, ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన తండ్రికి చెప్పుకోవలసిన జవాబు ఇన్నాళ్ళకు దొరికించుకున్నాడు.

కళ్ళు తుడుచుకుంటున్న నన్ను వదిలేసి టీచరమ్మ హెడ్మాస్టరును అడిగింది, ఇయ్యాల ఇంకెవరెవరు రాలేదని. ఆయన ఏమీ తెలియనట్టు అటెండరును ఇళ్ళకు పంపాడు. అంతటితో ఊరుకుంటే ఆయన మనిషే. తేలిపోయింది కదా, ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, ఒక్క క్షణంలో మనిషి మారిపోయాడు. చొక్కా సర్దుకుని శ్రావణిని ముందు నిలబెట్టి, తల మీద చెయ్యి పెట్టి, ఒక టీచరు చేతికి ఫోన్ ఇచ్చాడు. "గ్రూపుల పెట్టాలె. మన బడిల గుర్తించినమని రాయిన్రి" అన్నాడు. కోడిని కోయించి ఇన్‌స్పెక్టరు మెప్పు పొందిన పాత పంతులు ఈయన ముందు పసిపిల్లవాడు. ఆయన పిల్లలను దాచి మాత్రమే పేరు తెచ్చుకున్నాడు. ఈయన దాచీ పేరు తెచ్చుకోగలడు, దొరికిపోయీ తెచ్చుకోగలడు.

"నవ్వు బిడ్డా" అన్నాడు ఫోన్ పట్టుకున్న టీచరు.

శ్రావణి నవ్వలేదు. తల మీది చెయ్యి కిందనుంచే మెడ తిప్పి, "సార్, రేపు బడికి రావాల్నా, ఇంటికాడనే ఉండాల్నా?" అని అడిగింది. ఎగతాళి కాదు, కోపం కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

హెడ్మాస్టరు ఫోన్ వైపు తిరిగి ఇంకో ఫోటో తియ్యమని సైగ చేశాడు. జవాబు మా అన్న చెప్పాడు. "రోజు పోవాలె బిడ్డా. వాళ్లు రావద్దన్న నాడు అందరికంటె ముందుగాల పోవాలె."